పక్క సీటు

పాత కార్లకు ధర కట్టే ఆమెను అందరూ అయస్కాంతం అక్క అనేవాళ్లు. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం ఎప్పుడూ ఆమె సంచిలో ఉండేది. కారు ఒంటిమీద పెడితే అంటుకోవాలి. జారిపోయిందంటే రంగు కింద ఉన్నది రేకు కాదు, సొట్ట కప్పడానికి పూసిన పుట్టీ. నాన్న డెంటింగు షెడ్డులో సుత్తుల మధ్య పెరిగిన మనిషి కాబట్టి, ఏ రేకు నిజం చెబుతోందో, ఏది బొంకుతోందో వేలితో తట్టి చెప్పేసేది. వందల కార్లు చూసింది. తనకంటూ ఒక్కటీ లేదు.

మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, రిటైరైన లెక్కల టీచరమ్మ కబురు పెట్టింది. పెరటి షెడ్డులో టీచరమ్మ తోడబుట్టిన అక్క నడిపిన కారు ఉంది. ఆవిడ పోయి పందొమ్మిదేళ్లు. అప్పటినుంచి అది కదల్లేదు.

"తుక్కు కింద అడుగుతున్నారమ్మా. ఎంత చేస్తుందో నువ్వే చెప్పు."

అయస్కాంతం అక్క బానెట్ ఎత్తి, ఇంజను మీది నంబరును కాగితంతో సరిచూసింది. తలుపుల కింది అంచుల్లో అయస్కాంతం రెండుచోట్ల జారింది. రబ్బరు పట్టా తీస్తే ఫ్లోరు తుప్పుపట్టి చిల్లులు. ఒక చిల్లులోంచి పాలిపోయిన మొక్క ఒకటి స్టీరింగు దాకా పాకింది.

ఇంతలో వాన దంచికొట్టింది. షెడ్డు కారుతుంటే ఇద్దరూ కార్లోకి దూరారు. టీచరమ్మ, తన అక్క బడికి దింపిన రోజుల అలవాటుగా పక్క సీట్లో కూర్చుంది; అయస్కాంతం అక్క స్టీరింగు ముందు. అద్దం మీద నీళ్లు జారుతుంటే పెరడంతా వెనక్కి వెళ్లిపోతున్నట్టు ఉంది.

"వంతెన దాటాం," అంది టీచరమ్మ మెల్లగా. "ఇప్పుడు బడి మలుపు."

అయస్కాంతం అక్క స్టీరింగు తిప్పింది. అది కిర్రుమంది, తిరిగింది. అలా ఎంతదూరం వెళ్లారో ఇద్దరికీ తెలీదు.

వాన తగ్గాక అక్క గొంతు సవరించుకుంది. "ఉన్నదున్నట్టు చెబుతా టీచరమ్మా. ఫ్లోరు, బ్రేకులు, వైరింగు, అన్నీ కొత్తవి వేయాలి. బాగుచేసి అమ్మినా ఆ ఖర్చు తిరిగిరాదు. కానీ కంపెనీ బిగించిన భాగం ఒక్కటీ పోలేదు, మారలేదు. వాళ్లడిగినదానికి నాలుగింతలు రాకపోతే ఇవ్వకండి."

"అసలు ఇవ్వకపోతే?"

"అప్పుడు నా ధరతో మీకేం పని?"

టీచరమ్మ పకపకా నవ్వింది. "నాకు డ్రైవింగే రాదు కదే! అరవై నాలుగేళ్లకి నేర్చుకుంటే నలుగురూ నవ్విపోరూ?"

"నవ్వనీండి. మీరు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోండి."

కారు బాగుచేయించడానికి ఏడాది పైనే పట్టింది. రంగు జోలికి పోలేదు. వెలిసిన నీలం అలాగే ఉంచి, మిగతాదంతా చేయించారు. ఆదివారాలు ఖాళీ మైదానంలో అక్కే నేర్పింది. రివర్సు మాత్రం టీచరమ్మకు చచ్చినా ఒంటబట్టలేదు. అందుకని ఎప్పుడూ చుట్టుతిరిగి వచ్చే దారులే చూసుకునేది.

ఇప్పుడు కొన్ని సాయంత్రాలు చెరువు గట్టు పక్కన ఆ కారు నత్తలా పాకుతూ కనిపిస్తుంది. పక్క సీట్లో అయస్కాంతం అక్క కళ్లు మూసుకుని ఉంటుంది, ఏ రేకునూ తట్టకుండా.

"ఏయ్, నిద్రపోకు. దారి చెప్పు."

"తిన్నగానే టీచరమ్మా, పోనీండి."