వెనక బకిళ్లు

మాస్టారు పోయారన్న కబురు పొద్దున్నే ఫోనులో వచ్చింది. చేసింది పద్మనాభం ఊళ్లో ఆయన ఇంటి ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్నతను. అతని గొంతు నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. "డిప్లొమా మేడమేనా?" అని అడిగాడు. నన్ను ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో ఒక్కరే. సంగతి అక్కడే అర్థమైంది. "పెద్దాయన తెల్లారగట్ల ఎలిపోయేరమ్మా. గుండె ఆగిపోనాది. మీకు సెప్పాలని సేసేను" అన్నాడు. ఫోను పెట్టేసి నేను మాస్టారిని తిట్టాను. పైకే తిట్టాను. వర్క్‌షాపులో వాళ్లంతా పని ఆపి నా వైపు చూశారు.

తర్వాత మా ఆసుపత్రిలో సంతాప సభ పెట్టారు. మాస్టారు మితభాషి, మృదుస్వభావి అన్నారొకరు. ఎవరినీ నొప్పించి ఎరగరు అన్నారు ఇంకొకరు. ఆ ఇంకొకరిని మాస్టారు ఒకసారి స్క్రూడ్రైవరు పట్టుకుని వరండా చివరిదాకా తరిమారు, నేను చూశాను. పోయినవారి గురించి మంచే చెప్పాలంటారు. సరే, చెప్పండి. కానీ ఆ మంచి ఆయనదై ఉండాలి కదా. ఎవరి మంచితనమో తెచ్చి ఆయనకు తొడిగితే ఎలా? కొలత తీయకుండా చేసిన బెల్టును ఆయన ముట్టుకునేవారు కూడా కాదు. అందుకని ఆయన కొలతకే నేనిది రాస్తున్నాను.

మా పని గురించి ముందు చెప్పాలి. మెడ విరిగినవాళ్లకు, వెన్నుపూస నలిగినవాళ్లకు ఆ ఎముక అతుక్కునేదాకా కదలకుండా పట్టి ఉంచే సాధనాలు తయారుచేస్తాం. మెడ పట్టీలు, నడుము చట్రాలు, పుర్రెకు బిగించే రింగులు. విశాఖ వన్ టౌన్‌లో ఒక ఎముకల ఆసుపత్రి వెనక రేకుల షెడ్డే మా వర్క్‌షాపు. ఓడలో సరుకు దించుతూ పడ్డవాళ్లు, పరంజా మీంచి జారినవాళ్లు, లారీ కింద పడి బతికి బయటపడ్డవాళ్లు, అందరూ అక్కడికే వచ్చేవారు. దానికి పెద్ద మాస్టారే. ఇంజినీరింగు చదివి, ఈ విద్య వేరే రాష్ట్రంలో నేర్చుకుని వచ్చారు. మాట మాత్రం పద్మనాభం దాటి అంగుళం కదల్లేదు. రోజూ మొదటి బస్సుకు వచ్చేవారు. దిగగానే ఎవరినో ఒకరిని తిట్టేవారు. పెళ్లి చేసుకోలేదు. ఆ నోటికి పిల్లనెవరిస్తారని మేము చాటుగా అనుకునేవాళ్లం.

తొంభైల మొదట్లో డిప్లొమా కాగితం చేత్తో పట్టుకుని నేను ఆ షెడ్డులో చేరాను. అంతే, నా పేరు పోయి డిప్లొమా మిగిలింది. చేరిన కొత్తలో ఒక మెడ పట్టీ చేశాను. నున్నగా, అంచులు గుండ్రంగా, ముచ్చటగా వచ్చింది. మాస్టారు దాన్ని బల్లకున్న ఇనప పట్టులో, వైస్‌లో, బిగించి ఒక్క మెలి పెట్టారు. ఫట్టుమని పగిలింది.

"ఇది మెడకా, మెళ్లో దండకా?" అన్నారు. "ఎముక్కి తెలుగు రాదు డిప్లొమా. బతిమాలితే ఇనదు. గట్టిగా అట్టుకోవాల."

ఆ ముక్కలు ఆయన మొహాన కొట్టి ఇంటికి పోదామనుకున్నాను. పోయే ముందు పగిలిన చోటు చూశాను. అందం కోసం నేను పలచగా మలిచిన వంపు దగ్గరే పగిలింది. ఆయనతో వచ్చిన చిక్కే అది. మనిషి చెడ్డవాడై, చెప్పింది కూడా తప్పైతే హాయిగా అసహ్యించుకోవచ్చు. ఆయన ఆ అవకాశం ఇచ్చేవారు కాదు. ఆదివారం చర్చిలో ఆయన బుద్ధి మారాలని ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే నోటికి తిట్లే వచ్చేవి.

మా అసలు తగువు పట్టీలు బిగించే బకిళ్ల దగ్గర. ఏ చట్రం చేసినా నేను బకిళ్లు ముందు పెట్టేదాన్ని. ఊపిరాడకపోతేనో, దురద పెడితేనో మనిషి తనంతట తను కాస్త వదులు చేసుకోగలగాలి అని నా వాదన. ఆయన వాటిని ఊడదీయించి వీపు వైపు పెట్టించేవారు.

"పేషెంటు మనకి శత్రువు. ఆడి సేతికందితే ఇప్పీస్తాడు. ఒక్క రేత్రి ఇప్పితే సాలు, ఎన్నులో నరం నలిగిపోతాది. జన్మంతా మంచం."

"మనిషిని కట్టేసినట్టుంటుంది మాస్టారూ."

"కట్టీడానికే గదా మనకి జీతం ఇస్తన్నారు."

తొంభైల చివర్లో, సముద్రం పోటు మీదున్న రోజుల్లో, ఒక జాలరిని మా దగ్గరికి తెచ్చారు. అల తెప్పను ఎత్తి కొడితే తల ఇసుకలో గుచ్చుకుని మెడ విరిగింది. సర్జన్లు అతని పుర్రెకు నాలుగు మరలతో రింగు బిగించారు. ఆ రింగును కడ్డీలతో ఛాతీ మీది ప్లాస్టిక్ కోటుకు కలపడం మా పని. అప్పుడు తలా మొండెమూ ఒకే ముక్క అవుతాయి. మూడు నెలలు అలాగే ఉండాలి. కోటు జారితే రింగు కదులుతుంది, రింగు కదిలితే మెడ కదులుతుంది, మెడ కదిలితే ఆ మనిషికి కాళ్లూ చేతులూ ఉండవు. నేను డ్రాయింగులో బకిళ్లు ముందు గీశాను, లోపల నూలు గుడ్డ అస్తరు వేద్దామన్నాను. మాస్టారు నవ్వి డ్రాయింగు చింపేశారు. బకిళ్లు వెనక, అస్తరు ఉన్ని. విశాఖ ఉక్కపోతలో ఉన్ని!

కొన్నాళ్లకే చెమటకు ఉన్ని కుళ్లి వాసన కొట్టింది. వీపు మీద పుండు లేచింది. దురదకు తాళలేక అతను చీపురుపుల్ల లోపలికి దూర్చి గోక్కునేవాడు. అతని భార్య నూకాలమ్మ పూర్ణా మార్కెట్లో చేపలమ్మేది. ఒక మధ్యాహ్నం ఖాళీ గంప చంకన పెట్టుకుని నేరుగా మా షెడ్డులోకి వచ్చింది.

"మా ఆయన్ని సేపని డబ్బాలో ఎట్టి మూతేసినట్టు ఏసీసేవు గదా! కుల్లిపోతన్నాడు లోన. మూడు నెల్లంట, మూడు నెల్లు! నువ్వు తొడుక్కో బాబూ, సూత్తాను. ఆ సక్రం నీ తలకి ఏసుకొని బజార్లో తిరుగు!"

మాస్టారికి ఎదురు నిలబడి కేకలేసిన మనిషిని అదే మొదటిసారి చూడటం. నాకు లోపల పండగలా ఉంది.

ఆ పూటే మాస్టారు వార్డుకెళ్లి పుండున్న చోట కోటుకు చిన్న కిటికీ కోయించి కట్టు కట్టించారు. సాయంత్రం తన కొలతకు అలాంటి కోటే ఇంకొకటి తయారుచేయించి తొడుక్కున్నారు. పుర్రెకు మరలు బిగించుకునే వీల్లేదు కనుక రింగును గుడ్డతో నుదుటికి కట్టించుకున్నారు. వెనక బకిళ్లు బిగించింది నేనే. ఇంకో రంధ్రం లోపలికి లాగి మరీ బిగించాను. అలాగే వెళ్లి పద్మనాభం బస్సెక్కారు.

వారం రోజులు అదే వాలకంతో వచ్చారు, వెళ్లారు. కిందికి చూడలేక అన్నం చొక్కా మీద పోసుకున్నారు. మెట్టు కనపడక బస్సు దిగుతూ తూలారు. పూర్ణా మార్కెట్ మీదుగా నడిచి వస్తుంటే నూకాలమ్మ పక్క గంపలవాళ్లను కేకేసి పిలిచి చూపించింది. దగ్గరికొస్తే వాసన. తిట్లు రెట్టింపయ్యాయి. నేను మాత్రం ఓపిగ్గా ఉన్నాను. ఇంక తగువు తీరినట్టే, రేపటి నుంచి నా బకిళ్లు ముందుకొస్తాయని లెక్క వేసుకున్నాను.

వారం తర్వాత కోటు విప్పాను. వీపంతా చెమటకాయలు. భుజం దగ్గర చర్మం లేచిపోయింది.

"ఇప్పుడు చెప్పండి మాస్టారూ. ముందు పెడదామా?"

"గడియ గడియకీ ఇప్పీయాలనిపించింది డిప్లొమా" అన్నారు. ఆయన గొంతు తగ్గడం ఆ ఒక్కసారే విన్నాను. "బస్సులోన, పొలంలోన, నిద్దట్లో కూడా సెయ్యి బకిలు కోసమే ఎతికింది. దొరికుంటే మొదటి రేత్రే ఇప్పీసుందును. అందికే ఎనకుండాల."

ఆ కోటుతోనే ఆయన నెత్తిన ఒకటి వేద్దామనిపించింది.

ఉన్ని మాత్రం తీసేయించారు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత లుంగీలు పొడవుగా చింపించి, భుజం మీంచి నడుము దాకా కోటు లోపల పరిపించారు. రోజూ పైన కొత్త గుడ్డ ముడేసి, కింది నుంచి పాతది లాగేస్తే కొత్తది దాని వెంట దిగుతుంది. నూలు గుడ్డ అని మొదట అన్నది ఈ డిప్లొమాయే అని ఆయన అనలేదు. ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

నూకాలమ్మను కూర్చోబెట్టి ఆయనే నేర్పారు. మొగుణ్ణి పడుకోబెట్టాలి, దుంగను దొర్లించినట్టు పక్కకు తిప్పాలి, ఒక్క వైపు మాత్రమే విప్పాలి, తుడిచి బిగించాకే రెండో వైపు ముట్టుకోవాలి.

"బకిలు పెళ్లాం సేతికందాల, మొగుడి సేతికి కాదు. తెలిసిందా?"

"తెలిసింది గానీ, ఆ నోరు కూడా ఓ పాలి కడుక్కో బాబూ" అంది నూకాలమ్మ.

ఆ మెడ అతుక్కుంది. అతను మళ్లీ వేటకు వెళ్లాడు. నూకాలమ్మ మాస్టారిని క్షమించలేదు. మార్కెట్లో ఎవరికైనా బేరం తగ్గించేది గానీ ఆయనకు తగ్గించేది కాదు. నేనూ క్షమించలేదు. బకిళ్లు మాత్రం ఆ తర్వాత వెనకే పెట్టాను.

రెండు వేల సంవత్సరం దాటాక మాస్టారు రిటైరయ్యారు, షెడ్డు నా చేతికొచ్చింది. కొన్నేళ్లకు ఆయన పొలంలో తడి గట్టు మీద జారి పడ్డారు. వెన్నుపూస ఒకటి నలిగింది. వ్యానులో పడుకోబెట్టి నా దగ్గరికే తెచ్చారు. కొలత తీస్తున్నంతసేపూ నా టేపు పాతదని, నా చేతులు చల్లగా ఉన్నాయని, నా షెడ్డు పశువుల సాలలా ఉందని తిట్టారు. చివరికి అన్నారు:

"బకిళ్లు ముందెట్టు."

సరిగా వినలేదనుకున్నాను. "ముందా?"

"ముందే. ఏటలా సూత్తన్నావు? నాకు ఎనకెవులున్నారే?"

ఎన్నో ఏళ్లుగా ఆయన నోట ఆ మాట రావాలని కోరుకున్నదాన్ని. తీరా వచ్చేసరికి అందులో సంతోషం ఏమీ లేదు. ఒంటరి మనిషి. పొద్దున లేస్తే బిగించడానికి, రాత్రి విప్పడానికి ఇంట్లో రెండో చెయ్యి లేదు.

"పేషెంటు మనకి శత్రువు మాస్టారూ" అన్నాను.

ఆయన అప్పుడు అన్నది అచ్చు వేయడానికి పనికిరాదు. నేను వెనకే పెట్టాను. కసి లేదంటే అబద్ధం, బోలెడంత ఉంది. కానీ ఆ చెయ్యి సంగతి నాకు తెలుసు. నిద్దట్లో కూడా బకిలు వెతికిన చెయ్యి అది. ముందు పెడితే మొదటి రాత్రే విప్పేస్తారు, నడుము కింద కాళ్లు చచ్చుబడిపోతాయి.

"పద్మనాభంలో మనుషులే లేరా? అడగండి" అన్నాను.

"నాను ఒకణ్ణి అడగాలా!"

అదే ఆయన నాతో అన్న ఆఖరు మాట. తర్వాత మాట్లాడలేదు. ఎముక బాగా అతుక్కుందని సర్జన్ చెబితే విన్నాను. అవసరం తీరాక కూడా రోజూ ఆ చట్రం వేసుకునే తిరుగుతున్నారని విన్నాను. ఎలా వేసుకుంటున్నారని అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది.

ఫోను వచ్చిన రోజున బస్సెక్కి పద్మనాభం వెళ్లాను. మాస్టారిని మంచం మీదే ఉంచారు. గోడకు నేను చేసిన చట్రం వేలాడుతోంది, వీపు భాగం నా వైపు. నేను వేసిన పట్టీలు ఒక్కటీ మిగల్లేదు. ఒకటి సైకిల్ ట్యూబు ముక్క. ఒకటి ఏదో సంచి పట్టీ, గోనెసూదితో కుట్టారు. ఇంకోటి పలుపు తాడు పేని చేసింది. నా వర్క్‌షాపులో ఎవరైనా అలా చేస్తే ఉద్యోగం ఊడేది.

టీ కొట్టతను పక్కకొచ్చి నిలబడ్డాడు. "పొద్దుట నాను బిగిస్తానమ్మా. రేత్రి పక్కింటి ముసలమ్మ ఇప్పుతాది. నాను ఊర్లో లేనప్పుడు బస్సు కండక్టరు బిగిస్తాడు. మొదట ఎవుల్నీ అడగనేదు. మూడ్రోజులు మంచం దిగనేదు. నాలుగో దినం 'ఒరే, ఇటు రా' అని కేకేసేరు. ఎల్తే తిట్టేరు."

పక్కింటి ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వేనా డిప్లొమావి? ఇంతేనా? బిగించినప్పుడో తిట్టు, ఇప్పినప్పుడో తిట్టు. నన్ను కట్టీసింది, కట్టీసింది అని. నీకు పొలమారనేదేటే అమ్మా?"

పొలమారలేదు. నా చేతి మీద తయారైన ఏ చట్రమూ ఆ మొదటి పట్టీలా పగల్లేదు. అది ఆయన పెట్టిన భిక్ష. ఆ ముక్క ఆయన బతికుండగా అని ఉంటే తిట్టేవారే, అయినా అనాల్సింది. ఇప్పుడు ఈ కాగితం మీద అంటున్నాను.

పాడె మీదికి మార్చే వేళయింది. మగవాళ్లు నలుగురు మంచం చుట్టూ చేరారు. ఒకతను భుజాలు పట్టుకుని లేపబోయాడు. టీ కొట్టతను కసిరాడు.

"ఒరే, ఒరే! అలా కాదురా. నడుం మెలి తిరక్కూడదు. అందరూ ఒక్కపాలే, దుంగని దొర్లించినట్టు."

అందరూ ఆగిపోయారు. ఇంక ఆ నడుముకు ఏమవుతుందని ఎవరూ అనలేదు. ముసలమ్మ ముందుకొచ్చి ఆయన తల రెండు చేతుల మధ్య పట్టుకుంది. నేనూ వెళ్లాను. ఆడదానివి, నీకెందుకని ఎవరూ వారించలేదు. వెనక బకిళ్లుండే చోట నా అరచెయ్యి ఆనించి పట్టుకున్నాను. అప్పుడు టీ కొట్టతను "ఊఁ" అన్నాడు. అందరం కలిసి, మెలి తిరగకుండా, మాస్టారిని పక్కకు తిప్పాం.