గంధరాజ నిమ్మ ఊరగాయ

దగ్గరగా జరిగి కూర్చోండి, చిన్న సంగతే. మా ఆయన పోయాక కలకత్తా పక్క లిలువాలో ఒక్కదాన్నే ఉంటూ ఫోనులో ఆవకాయ అమ్మబోయాను. అందరూ అమ్మేదే కదా, ఎవరూ అడగలేదు. ఇక మానేద్దామనుకున్న రోజుల్లో, లోకల్ రైల్లో పెరుగన్నం డబ్బా మూత తీశాను. వాసనకు ఎదుటి సీటులోని తెలుగు ఆవిడ తల తిప్పింది.

"ఏటి పిన్నీ అది?"

"గంధరాజ నిమ్మకాయమ్మా. ఈ ఊరి కాయకి మన ఆవపిండి కలిపినాను. మా ఆయనకిష్టం."

ముక్క పెడితే కళ్ళు మూసుకుని తింది.

"ఆవకాయ మా అమ్మ పంపుతాది. ఇది ఎవులు పంపుతారు? ఇదే అమ్ము పిన్నీ."

తర్వాతి స్టేషనులో దిగిపోయింది. పేరైనా అడగలేదు.

ఆవిడ మాటే విని అదే అమ్మాను; ఇప్పుడు వంటింటి నిండా ఆ నిమ్మ ఊరగాయ సీసాలే. పార్సెలు మీద తెలుగింటి ఆడపేరు కనిపిస్తే, ఆవిడేమోనని కాసేపు చెయ్యి ఆగుతుంది.

మీ ఇంట ఎవరికీ ఒంటరిగా అన్నం తినే రోజు రాకూడదమ్మా.