కొరడా దొర

చాలాకాలం వాడని స్టేజి లైటు వెలిగిస్తే దాని మీది దుమ్ము కాలే వాసన వస్తుంది. మస్కట్‌లో ఏ హాలులో ఆ వాసన తగిలినా నాకు ఎడ్విన్ గారు గుర్తుకొస్తారు. వెంటనే కోపమూ వస్తుంది. ఆయన పోయాక కూడా అది తగ్గలేదు.

ఎడ్విన్ గారు బ్రిటిష్ నటుడు. డెబ్భై దాటాక, ఇక్కడ డాక్టరుగా పనిచేసే కూతురి దగ్గరకొచ్చి ఉన్నారు. యౌవనంలో మొదలుపెట్టిన నటన ఆయనది: మొదట చిన్న ఊళ్ల నాటకశాలలు, తర్వాత రేడియో, టీవీ, సినిమాలు. జడ్జి, పాదిరి, వంటవాడు, రాజు, చివరికి శవం కూడా. మనవాళ్లకు మాత్రం ఒక్క వేషమే తెలుసు. ఎప్పుడో ఒక హిందీ సినిమాలో కూలీలను కొరడాతో కొట్టే తెల్ల అధికారిగా రెండు నిమిషాలు కనిపించారు. అందుకే ఆయన 'కొరడా దొర'. మత్రా బజారులో ఆయనతో నడుస్తుంటే మనవాళ్లు బెల్టు తీసి ఆయన చేతికిచ్చి, ఫొటో కోసం వీపు తిప్పేవారు. ఆయన నవ్వి చెయ్యెత్తేవారు. నాకు ఒళ్లు మండేది.

2015 ప్రాంతంలో నేను మస్కట్‌లోనే వాడి కబీర్ అనే పేటలో ఎలక్ట్రికల్ టెక్నీషియన్‌ని. సెలవు రోజుల్లో ఒక తెలుగు సంఘం కార్యక్రమాలకు లైట్లు చూసేవాణ్ని; ఎడ్విన్ గారు అక్కడే పరిచయమయ్యారు. సంఘం వార్షికోత్సవానికి అతిథిగా పిలిస్తే, ఊరికే కూర్చోను, నటిస్తాను అన్నారాయన. భార్య పోయిన ముసలివాడు ఆమె కుర్చీతో మాట్లాడే చిన్న నాటకం, తనే ఇంగ్లీషులో రాసుకున్నది. మాటలు గుర్తుండటం లేదని, ఇదే తన చివరి వేషమని నాకొక్కడికే చెప్పారు.

మా వర్క్‌షాపులో రిహార్సల్ చేశాం. ప్రతి లైటుకూ నంబరు వేసి, ఏ మాటకు ఏది వెలగాలో పట్టిక రాసుకున్నాను. ఆయనకది నచ్చింది. ఒక్కచోట మాత్రం ఆపారు. చివరి మాట కాగానే నేను లైటు తీసేశాను.

"అప్పుడే ఎందుకు తీశావు?"

"మీ మాటలు అయిపోయాయి కదా సార్."

"మాటలు అయిపోయాయి. నేను అయిపోలేదు."

నా పనేమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

వార్షికోత్సవం నాడు ఆయన తెర వెనక ఆ కుర్చీ పక్కనే నిలబడ్డారు. స్టేజి మీద శాలువాలు మొదలయ్యాయి. దాతలను ఒక్కొక్కరినే పిలవాలి, పొగడాలి, శాలువా కప్పాలి, మెమెంటో ఇవ్వాలి, కుటుంబంతో ఫొటో తీయాలి. కప్పించుకున్నవారు తిరిగి కప్పినవారికి కప్పారు. హాలు ఖాళీ చేయాల్సిన వేళయింది. సెక్రటరీ గారు నా దగ్గరకొచ్చారు.

"అబ్బాయ్, ఆ ఏడుపు నాటకం వద్దులే. దొరగారిని కొరడా సీను చేసెయ్యమను. పిల్లలు ఈలలేస్తారు, అందరం భోజనాలకి పోదాం."

నేను చెప్పనన్నాను. సెక్రటరీ గారే వెళ్లి, ఏ మొహమాటమూ లేకుండా చెప్పారు. ఎడ్విన్ గారు కుర్చీ వైపు ఒకసారి చూసి తలూపారు. బల్ల మీది శాలువా ఒకటి తీసుకుని, కొరడాలా మెలిపెట్టి స్టేజి మీదకు వెళ్లారు. వేళాకోళం లేకుండా, పూర్తిగా నటించారు. హాలు బిగుసుకుపోయింది. ముందు వరుసలో ఒక పిల్ల ఏడ్చింది. ఆ తర్వాతే ఈలలు.

బయట కారు దగ్గర నేను ఆయన మీదే విరుచుకుపడ్డాను. ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను.

"జీవితమంతా నాకు రెండు నిమిషాలే ఇచ్చారు" అన్నారాయన. "వాటిలోనే బతకడం నేర్చుకున్నాను. అది మాత్రం నా దగ్గర నేర్చుకోకు."

మరుసటి వేసవిలో కూతురితో ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ఆ కుర్చీ నాటకం నేను తప్ప ఎవరూ చూడలేదు. ఆయన చనిపోయినప్పుడు సంఘం వాట్సాప్ గ్రూపులో కొరడా ఫొటో పెట్టి, కింద దండాల బొమ్మలు పెట్టారు.

ఇప్పుడు లైట్లకు నన్నెవరు పిలిచినా ఒకటే షరతు: ముందు కళాకారులు, తర్వాతే సన్మానాలు. కాదంటే రాను. పొగరుబోతునని పేరొచ్చింది. మొన్న ఒక కార్యక్రమంలో అదే సెక్రటరీ గారు నా పక్కన కూర్చుని, "ఇంత కోపం పనికిరాదయ్యా" అన్నారు. స్టేజి మీద ఒక నర్సు ఏకపాత్రాభినయం సగంలో ఉంది. దాతలంతా కుర్చీల్లో కూర్చుని ఆమెనే చూస్తున్నారు.

"పనికొస్తోంది సార్" అన్నాను.