పొల్లు వెనక దయ్యం

నిన్న పొద్దున డేవిడ్ భార్య సుహాసిని ఫోన్.

"అన్నయ్యా, డేవిడ్ లేవట్లేదు."

రాత్రి ఆలస్యంగా పడుకున్నాడేమో అన్నాను. ఆమె మళ్లీ అదే మాట అంది.

కొత్తగూడలో వాళ్ల ఫ్లాట్‌కి నేను చేరేసరికి డాక్టర్ చూసి వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట. నలభై రెండేళ్లు.

చావు వార్తలు రాయడం నా ఉద్యోగంలో భాగం. ఈ ఒక్కటి రాయడానికి ఒక రోజు పట్టింది.

అతను తెలియనివాళ్లకు: తెనాలి వైపు నుంచి వచ్చాడు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. బాగా వాయించేవాడని చెప్పను.

కరోనా రెండో వేవ్‌లో ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టాడు. దవాఖానల్లో పక్కన ఎవరూ లేని పేషెంట్ల పేర్లు దవాఖానల వారీగా అందులో ఉండేవి. ఇంట్లోవాళ్లు సులువుగా వెతుక్కోవాలని అన్నీ తెలుగులోనే. పేర్లు టైప్ చేసింది మా పేపర్ డెస్క్ మిత్రులు.

ఆ రోజుల్లోనే తెల్లాపూర్‌లో సెంట్రింగ్ పని చేసే గోపాల్ అనే మనిషిని అంబులెన్స్ తీసుకెళ్లింది. ఏ దవాఖానకో ఆ బిల్డింగ్ సైట్‌లో పనివాళ్లెవరికీ తెలియదు. భార్య లచ్చమ్మ నారాయణఖేడ్ దగ్గర ఊళ్లో ఉంది. ఎవరో చెబితే, ఫోన్‌లో డేవిడ్ పెట్టిన వెబ్‌సైట్ తెరిచి భర్త పేరు కొట్టింది.

"ఈ పేరుతో ఎవరూ లేరు" అని వచ్చింది.

లిస్ట్‌లోని దవాఖానల్లో లేడనుకుని ఆమె సిటీకి వచ్చి, ఆ లిస్ట్‌లో లేని దవాఖానలన్నీ తిరిగింది. చివరికి గోపాల్ దొరికాడు, మార్చురీలో. ఆ దవాఖాన లిస్ట్‌లో ఉంది. అతని పేరూ లిస్ట్‌లో ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది.

తర్వాత ఆమె ఫోన్ చేసింది. డేవిడ్ స్పీకర్‌లో పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏడో తరగతి దాంక చదివిన సార్. మా ఆయన పేరు రాయరాదా నాకు? సరిగ్గనే కొట్టిన గద."

"సరిగ్గానే కొట్టారమ్మా."

"మరి లేడని ఎందుకన్నది?"

అప్పటికి అతనికీ తెలియదు.

మర్నాడు తెలిసింది. తెలుగులో పొల్లు తర్వాత వచ్చే అక్షరం అతుక్కోకుండా ఆపడానికి ఒక గుర్తు ఉంది. తెరమీద అది కనపడదు. మా డెస్క్‌లో పొల్లు పడితే వేళ్లు వాటంతటవే ఆ గుర్తు కూడా కొట్టేస్తాయి. అది అలవాటు. కంప్యూటర్ మాత్రం దాన్ని ఇంకో అక్షరంగా లెక్కేస్తుంది. లచ్చమ్మ ఫోన్‌లో కొట్టిన పేరులో అది లేదు.

గోపాల్. గోపాల్‌.

పైన ఉన్న రెంటిలో ఒకదాని చివర ఆ గుర్తు ఉంది. ఏదో మీరు చెప్పలేరు. నేనూ చెప్పలేను.

"అన్నా, మీ పేపరోళ్లు పొల్లు కనపడితే చాలు, వెనకాలే ఒక దయ్యాన్ని కూర్చోబెడతారు" అన్నాడు డేవిడ్.

"అది లేకపోతే అక్షరాలు అతుక్కుంటాయి కదయ్యా."

"పేరు అయిపోయాక ఇంక దేనికి అతుక్కుంటుందన్నా?"

ఆ రోజే తన సైట్‌లో పేర్లన్నీ సరిచేశాడు. అక్కడితో వదల్లేదు. ఆ సైట్ వెనక పేర్లు దాచి వెతికిపెట్టేది ప్రపంచమంతా ఉచితంగా వాడే ఓపెన్ సోర్స్ డేటాబేస్. దాన్ని తయారుచేసేవాళ్లకు ఒక రిక్వెస్ట్ పెట్టాడు: ఇలాంటి కనపడని గుర్తుల్ని పక్కనపెట్టి వెతికే సెర్చ్ కావాలి.

మీ డేటా మీరు శుభ్రం చేసుకోండి అని ఒకరు రాశారు. కొన్ని భాషల్లో ఆ గుర్తు తీసేస్తే మాటే మారిపోతుందని ఇంకొకరు. రెండోది నిజమే. అయితే అడిగినవాళ్లకే పనిచేసేలా పెట్టండి అన్నాడు డేవిడ్. ఇంకెవరైనా అడుగుతారేమో చూద్దాం అన్నారు.

ఎవరూ అడగలేదు. కనపడనిదాని గురించి ఎవరు అడుగుతారు?

కదలిక లేని రిక్వెస్టుల్ని అక్కడ ఒక బాట్, అంటే దానంతటదే నడిచే ప్రోగ్రాం, మూసేస్తుంది. ముందు ఒక హెచ్చరిక పంపుతుంది. అది వచ్చినప్పుడల్లా అతను రెండే మాటలు రాసేవాడు. "స్టిల్ నీడెడ్." ఇంకా అవసరమే. హఫీజ్‌పేట్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి రాయడం నేను చూశాను. చర్చి పార్కింగ్‌లోనూ చూశాను.

"ఇంకెన్నాళ్లు రాస్తావయ్యా?" అని ఒకసారి అడిగాను.

"లచ్చమ్మ అడిగినదానికి జవాబు బాకీ ఉన్నానన్నా" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం సుహాసిని అతని ఫోన్ నా చేతికిచ్చింది. ఆఫీసులో అతని మేనేజర్‌కి చెప్పాలి. నంబర్ వెతుకుతుంటే, పైనే ఆ బాట్ హెచ్చరిక మెయిల్ కనపడింది. ఈ వారం వచ్చింది, ఇంకా తెరవలేదు.

"ఏంటన్నయ్యా అది? ఎవరు ఏం మూసేస్తామంటున్నారు?"

చెప్పాను. ఆమెకు గోపాల్ పేరు తెలుసు. లచ్చమ్మ పేరూ తెలుసు. బాట్ సంగతి తెలియదు.

"మూయనివ్వకండి" అంది.

శవపేటిక ఇంటికి వచ్చే టైం అది. హాల్లో కుర్చీలు జరుపుతున్నారు. నేను బాల్కనీలో నిలబడి, నా పేరు మీద ఒక అకౌంట్ తెరిచి, అతని చివరి మాట కింద అదే మాట రాశాను. స్టిల్ నీడెడ్.

వాళ్లు ఎప్పటికైనా ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. ఒప్పుకుంటారని రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. హెచ్చరిక మళ్లీ వస్తుంది. మళ్లీ రాస్తాను.

డేవిడ్, ఈ పోస్ట్‌లో నీ పేరు ఎక్కడొచ్చినా చూసి చూసి టైప్ చేశాను. పొల్లు వెనక ఏ దయ్యమూ లేదు. ఎవరు వెతికినా దొరుకుతావు.

ప్రశాంతంగా పడుకో తమ్ముడూ.