అమ్మ బదులు నేనన్న మాట

కోతలు అయిపోయిన నాలుగు రోజులకే హుజూర్‌నగర్ చుట్టూ ఉన్న పొలాలకు నిప్పు పెడతారు. యంత్రం కోసిన గడ్డిని పశువులు కూడా ముట్టవట, దాన్ని కట్టలు కట్టి ఇంటికి చేర్చే ఓపిక ఎవరికీ లేదట, ఉన్నా ఇళ్లలో పశువులే లేవట. అందుకని అగ్గిపుల్ల గీసి చేతులు దులుపుకుంటారు. ఆ పొగ మా వంటింటి కిటికీలోంచి రాగానే కోడలు దగ్గుతూ పరుగెత్తుకొచ్చి తలుపులు వేస్తుంది. నేను మళ్లీ తెరుస్తాను. గడ్డి కాలుతున్న వాసన వెనకాలే నాకు ఇంకో వాసన రావాలి, గుండ్రటి చెక్కకు బిగించిన మేకతోలు మంట సెగకు బిర్రబిగుసుకునేటప్పటి కమురు వాసన. ఎనభై దాటిన ముక్కు ఇంకా దానికోసం వెతుకుతుంది. అది రాదు. వచ్చినా సంబరపడేదాన్ని కాదు.

బాల్యం బంగారమని రాసేవాళ్లను చదివితే నాకు ఒళ్లు మండుతుంది. పంతులమ్మగా ఉన్నన్నాళ్లూ పిల్లల చేత అలాంటి వ్యాసాలు బోలెడు రాయించిన పాపం నాకూ ఉంది గానీ, నా బాల్యం జోలికి నేను ఎప్పుడూ పోలేదు. మొన్న మా చర్చి వార్షికోత్సవానికి వేసిన చిన్న పుస్తకంలో మా అమ్మ గురించి ఒక పేజీ అచ్చయింది. అది చదివాక ఇక రాయక తప్పలేదు.

మా నాయిన డప్పు కొట్టే ఇంట్లో పుట్టాడు. మిషన్ దొర వచ్చి మా వాడలో పది ఇళ్లకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు రాముడు అనే మా నాయిన యోహాను అయ్యాడు, ఎల్లమ్మ అనే మా అమ్మ ఎస్తేరు అయింది. పోచమ్మ ముందు మోగిన డప్పు ప్రభువు ముందు మోగకూడదని దొర అన్నాడు. నాయిన వెంటనే డప్పును చూరుకు తగిలించి, అలాంటి మేకతోలుతోనే జానెడు వెడల్పున ఇంకోటి చేసుకుని దానికి కంజీర అని పేరు పెట్టాడు. దొర సంతోషించాడు. ఆ రెండింటికీ తేడా ఏమిటో ఆ మేకకే తెలియాలి.

తాటాకు గూడున్న ఒక బండినీ రెండు ముసలి ఎడ్లనూ ఇచ్చి, ఊరూరా తిరిగి సువార్త పాడమన్నాడు దొర. వానలు వెనకబట్టగానే బయలుదేరితే మళ్లీ తొలకరి దాకా మాకు ఇల్లంటే ఆ బండే. దేవరకొండ గుట్టల్లో సీతాఫలాలు కళ్లు విప్పే రోజుల్లో మొదలుపెట్టి, అచ్చంపేట, నాగర్‌కర్నూలు చుట్టి, రేగుపండ్ల నాటికి మళ్లీ నల్గొండ వైపు మళ్లి, తాటిముంజలు దిగే నాటికి మేళ్లచెరువు సున్నపురాళ్ల మీద చక్రాలు ఎగిరెగిరి పడుతుంటే దవడలు పట్టుకుని కూర్చునేవాళ్లం. బండి కింద పొయ్యి, బండి లోపల పడక. పొద్దున జొన్నగటక, మధ్యాహ్నం అదే గటక మీద చింతతొక్కు, పాట నచ్చిన ఊళ్లో సజ్జరొట్టె. తెల్ల బువ్వ క్రిస్మస్ నాడు మాత్రమే, అది కూడా దొర బంగళా మెట్ల కింద వరుసగా కూర్చోబెట్టి విస్తరాకుల్లో పెట్టేవారు, పక్కన నోరు మండే మేకకూర, చివర దొరసాని చేత్తో ఎర్రకాగితం చుట్టిన ఒక్కొక్క మిఠాయి. నేను బండి వెనక కాళ్లు వేలాడేసుకుని గచ్చకాయలు ఎగరేసేదాన్ని. తోడు ఎవరూ లేక నా కుడిచెయ్యికీ ఎడమచెయ్యికీ పందెం పెట్టేదాన్ని. ఏ ఊళ్లోనైనా పటేలు మనుషులు వెట్టికని ఎడ్లను విప్పుకుపోతే మూడు రోజులు ఉన్నచోటే పడుండేవాళ్లం. ఆ మూడు రోజులూ నాయిన నాకు ఆ పటేలు పోబోయే నరకం ఎంత వేడిగా ఉంటుందో చెప్పేవాడు. పటేలు ఎదురైనప్పుడు మాత్రం చెప్పులు చంకలో పెట్టుకుని నిలబడేవాడు.

పొద్దు వాలుతుండగా వాడ నడుమ గడ్డి మంట వేసి నాయిన తోలు కాచేవాడు. ఆ వాసనకే పిల్లలు మూగేవారు. అమ్మ కంచు తాళాలు అందుకుని గొంతెత్తిందంటే ఊళ్లోని రైతులు కూడా వచ్చి, వాడ మొదట్లో కంచె అవతల నిలబడి వినేవారు. అడుగు ముందుకు వేయరు. మేము కూర్చున్న నేల అంటుకుంటుందని భయం. మా అమ్మ గొంతు మాత్రం అంటుకోదు కాబోలు.

పాటలు అమ్మవి, మాటలు నాయినవి. మాటల్లో అసలైనది సాక్ష్యం, అంటే తాను పూర్వం ఎంత పాపిగా ఉండేవాడో, ప్రభువు తనను ఎట్లా పైకి లేపాడో పదిమందిలో చెప్పుకోవడం. చిక్కు ఏమిటంటే మా నాయిన చెప్పుకోదగ్గ పాపం ఒక్కటీ చెయ్యలేదు. కల్లు తాగితే కడుపునొప్పి. కోడిని కొయ్యమంటే కత్తిని అమ్మ చేతికిచ్చి మొహం తిప్పుకునేవాడు. అలాంటి మనిషి దేవరకొండలో తాగుబోతు, అచ్చంపేటకు వచ్చేసరికి దొంగ, నాగర్‌కర్నూలు దాటేసరికి గొడ్డలితో ఒకణ్ణి నరకబోయినవాడు. చీపురుపుల్లల్లాంటి ఆ చేతులు చూసి జనం కిసుక్కున నవ్వారు. తన పాపాలు నమ్మేవాళ్లు లేరని అర్థమయ్యాక నాయిన అమ్మ వైపు తిరిగాడు.

నాకొక తమ్ముడు ఉండేవాడు, సమూయేలు. ఏడాది కూడా నిండలేదు. ఒక చలికాలం బండిలోనే వాడికి జ్వరం పట్టుకుంది. మూడో రోజు బండి సరిగ్గా దేవరకొండ దవాఖాన ముందునుంచే పోయింది.

"ఏమయ్యా, జర బండాపు. పిలగాన్ని సూపిద్దాం" అన్నది అమ్మ.

"ముందటి ఊర్ల కూటం పెట్టుకున్నం. జనం ఎదురు సూస్తరు, దొర దగ్గర మాటొస్తది. నేను ప్రార్థన చేస్త తియ్యి" అని నాయిన ఎడ్లను అదిలించాడు.

ప్రార్థన చేశాడు కూడా, ఎడ్లు బెదిరేటంత గట్టిగా. పొద్దు గుంకకముందే తమ్ముడు అమ్మ ఒళ్లో చల్లబడిపోయాడు. బాట పక్కన తంగేడు పొదల్లో వాణ్ణి పూడ్చి మేము ఆ ఊరికి వెళ్లాం. కూటం జరిగింది. అమ్మ పాడింది.

ఆ తమ్ముణ్ణే నాయిన సాక్ష్యంలోకి లాగాడు. పిల్లవాడికి జ్వరం రాగానే ఎస్తేరు ప్రభువును విడిచి దొంగచాటుగా పోచమ్మకు కోడిని కోసిందట, పిల్లవాడి మెడకు పసుపుతాడు కట్టిందట, ప్రార్థన చెయ్యబోతే అడ్డం పడిందట, ఆ తప్పుకే వాడు పోయాడట. ఒక్కొక్క మాట అని నాయిన ఆగుతాడు. అమ్మ తాళం కొట్టి "అవును తండ్రీ, నా తప్పే" అని వంత పలకాలి. వంత పడందే కథ ముందుకు కదలదు. మొదటిసారి అమ్మ ఎందుకు ఒప్పుకుందో నాకు తెలియదు, అడిగే ధైర్యం ఏనాడూ చెయ్యలేదు. నా పని ఏడవటం. తంగేడు పొదలు అన్న మాట దగ్గరే ఏడవాలి. ముందే ఏడిస్తే కూటం చెడుతుంది, ఆలస్యమైతే జనం లేచిపోతారు. బాగా ఏడ్చిన రోజు నాయిన బెల్లంముక్క పెట్టేవాడు. రెండేళ్లు ఆ బెల్లం తిన్నాను, ఛీ. ఏది ఎట్లా ఉన్నా వంత ఖాళీ పోకూడదని ఆయన నాకు నూరిపోశాడు.

మా బండి ఎప్పుడూ పోని ఊరు ఒకటుంది, అది కట్టంగూరుకు కోసెడు దూరంలో ఉన్న మా అమ్మ పుట్టిన ఊరు. నాయిన దాన్ని చుట్టు తిరిగి పోయేవాడు. ఎందుకంటే, తమ్ముడు పోయిన కొన్నాళ్లకు అంగట్లో కనబడిన మా అవ్వను, అంటే అమ్మ తల్లిని, పట్టుకుని నాయిన బండి ఆపని సంగతంతా అమ్మ చెప్పుకుని ఏడ్చింది. అయితే నాకు తొమ్మిదేళ్లప్పుడు దొర ఆ ఊళ్లోనే ప్రార్థన చేసుకునే గుడిసె వేయించి, పక్కన ఉపదేశి కోసం పెంకుటిల్లు కట్టించాడు. ఉపదేశికి తిరుగుడు ఉండదు, ఒకే ఊళ్లో ఉండి ప్రార్థనలు చేయించాలి. మా కూటం ఆ ఊళ్లో పెట్టమని, తానే వచ్చి విని, నాయినకు ఆ పని ఇవ్వాలా వద్దా తేలుస్తానని దొర కబురు పెట్టాడు.

ఊరు కనబడుతుండగా అమ్మ నాయినతో అన్నది: "మా అవ్వ ముంగట గా పిలగాని ముచ్చట తియ్యకు. నీ కాళ్లు మొక్కుత."

"తియ్యనే ఎస్తేరూ. ప్రభువు తోడు."

అమ్మ నా వైపు తిరిగింది. "ఇయ్యాల నువ్వు గూడ ఏడ్వకు బిడ్డా."

తల ఊపాను. నా ధ్యాసంతా ఆ ఇంటి మీదే ఉంది. కదలని పొయ్యి, గచ్చకాయలు ఆడటానికి పక్కింటి పిల్లలు.

పట్టపగలు కూటం. దొర కుర్చీలో, అవ్వ ముందు వరుసలో నేల మీద, వెనక వాడంతా. అమ్మ రెండు పాటలు పాడింది, కూతురి గొంతు వింటూ అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. అప్పుడు దొర తన పుస్తకాల తెలుగులో, "మృతిపొందిన ఆ పిల్లవాని గూర్చిన సాక్ష్యము చెప్పుడి" అన్నాడు. నాయిన అమ్మను చూశాడు, దొరను చూశాడు, పెంకుటింటిని చూశాడు. మొదలుపెట్టాడు.

"పోచమ్మకు కోడిని కోసె" అని ఆగాడు. తాళం పడలేదు. గొంతు పెంచి మళ్లీ అన్నాడు. అమ్మ తాళాలు రొమ్ముకు ఆనించుకుని నేల చూస్తూ నిలబడింది. కంజీర మీద నాయిన వేళ్లు చెమటకు జారుతున్నాయి, దొర కుర్చీలో కదిలాడు. నన్ను ఎవరూ గిల్లలేదు, ఎవరూ సైగ చెయ్యలేదు. ఇల్లు పోతుందన్న భయమో, వంత ఖాళీ పోకూడదన్న అలవాటో, నేనే లేచి నిలబడి, అమ్మ పలికే వరసలోనే గొంతెత్తి, "అవును తండ్రీ, మా అమ్మ తప్పే" అని అందుకున్నాను. అక్కడితో ఆగానా? చివరిదాకా ఒక్క వంతా వదల్లేదు. తంగేడు పొదల దగ్గర సరిగ్గా ఏడ్చాను. అంత బాగా ఎన్నడూ ఏడవలేదు.

దొర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అమ్మ తాళాలు నా చేతిలో పెట్టి బండి దగ్గరికి నడిచింది. అవ్వ దారిలో అడ్డం నిలబడింది.

"నాతోని బండి ఆపలేదంటివి గదనే ఎల్లీ. పసిపోరి అబద్ధమాడ్తదా?"

అమ్మ పక్కకు తప్పుకుని పోయి బండెక్కింది.

ఇల్లు మాకొచ్చింది. రజాకార్ల గడబిడకు బాటలు మూతపడి ఇంకా తిరుగుతున్న బండ్లన్నీ ఆగిపోయినప్పుడు, చూశావా ప్రభువు మనల్ని ముందే గూట్లో పెట్టాడు అని నాయిన పొంగిపోయాడు. అమ్మ ఆ గూట్లో ఇంకో ఇరవై రెండేళ్లు బతికింది, ఒక్క పాట పాడలేదు. తాను పుట్టిన ఊళ్లోనే బావి దగ్గర ఆడవాళ్లు ఆమెను పిల్లగాన్ని చంపుకున్న ఎల్లి అనేవారు. పన్నెండేళ్లప్పుడు నేను ధైర్యం చేసి ఆ బావి దగ్గరే అసలు సంగతి చెప్పాను. "అవ్వోయ్, తల్లి మంచిగనే నేర్పింది" అని నవ్వారు. నా అబద్ధాన్ని ఒక్కమాటకే నమ్మిన ఆ మహాతల్లులు నిజం చెబితే నమ్మలేదు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తల దువ్వింది, బువ్వ పెట్టింది, నల్గొండ బడికి పంపింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ బండి లేదు, ఆ తంగేడు పొదల మీదుగా నల్లటి రోడ్డు పడింది, తోలు కాచే మంట అవసరమే లేకుండా ప్లాస్టిక్ డ్రమ్ములు వచ్చాయి. పోనివ్వండి, నాకేం బెంగ లేదు. పోవలసిన ఆ సాక్ష్యం మాత్రం చెక్కు చెదరకుండా చర్చి పుస్తకంలో అచ్చులోకి ఎక్కింది.

పోయిన ఆదివారం వార్షికోత్సవంలో పిల్లల చేత ఆ కథను నాటకంగా వేయించారు. తర్వాత నన్ను వేదిక ఎక్కించి మైకు చేతికిచ్చారు. "మా అమ్మ ఏ దేవతకూ కోడిని కొయ్యలేదు. మా నాయిన దవాఖాన ముందట బండి ఆపలేదు. నేను అబద్ధం చెప్పిన" అన్నాను. అని, పాత అలవాటుకొద్దీ ఆగాను. కొత్త బట్టల్లో కూర్చున్న అంతమందీ ఒక్కసారిగా "ఆమెన్" అన్నారు, కీబోర్డు మీద కుర్రవాడు సంగీతం అందుకున్నాడు. ఏం విన్నారని ఆమెన్? పాస్టరు చప్పట్లు కొట్టించి నన్ను చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

భోజనాల దగ్గర, నాటకంలో నా వేషం వేసిన పాస్టరు బిడ్డ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఎనిమిదేళ్లుంటాయి. కాటుక ఇంకా బుగ్గల మీదే ఉంది, చేతిలో ఎవరో ఇచ్చిన చాక్లెట్.

"అమ్మమ్మా, తంగేడు పొదలు అనంగనే ఏడ్చిన సూసినవా? మంచిగ ఏడ్చిన్నా?"

"మీ అమ్మ ఏది? మీ అమ్మ దగ్గరికి పో బిడ్డా" అన్నాను.