కోడి రెక్కల గూడు

నా చిన్నప్పుడు మా మేనత్త ఎదురుపడితే చాలు, ఊరంతా ఒకటే అడిగేది: "ఏమే, నీ పెనిమిటి కాయితం ఏమన్న అచ్చిందా?" మామ బొంబాయికి పనికి వెళ్లి మూడు వానాకాలాలు దాటాయి. ఉత్తరం ముక్క లేదు. బావి దగ్గర అడిగేవారు, నాట్లలో అడిగేవారు. రాలేదని తెలిసే అడిగేవారు. అత్త బయటికి రావడం మానేసింది. తిండీ తగ్గించింది.

మా తాతయ్య వడ్రంగి. వెల్గటూరు పక్కన మా చెలక భూమి చివర, మద్ది చెక్కలను బాడిసతో ఒంపులు తీసి ఒక గూడు కట్టాడు. దూరం నుంచి చూస్తే, పిల్లల మీద రెక్కలు పరిచి కూర్చున్న కోడిలా ఉండేది. లోపల ఒక్కరికి సరిపడే పీట. వాకిలి బాటవైపు కాదు, గోదావరి వైపు. "గీడ కూసో బిడ్డా, నిన్నెవ్వడు ఏం అడుగడు" అన్నాడు. అత్త రోజూ పొద్దున వెళ్లి కూర్చునేది. ఇంటికొచ్చి అన్నం తినేది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. అంత అందమైన కోడి ముఖం బోసిగా ఉందనిపించింది. మామ రావాలని మొక్కి, దాని నెత్తిన పసుపు రాసి బొట్టు పెట్టాను.

అంతే. మర్నాడు ఎవరో కొబ్బరికాయ కొట్టారు. వారం తిరగకుండానే అది కోళ్లమ్మ అయింది. కోడి ముందరే కోళ్లను కోశారు! బుద్ధున్నవాళ్లు చేసే పనేనా అది? తాతయ్య అడ్డం పోతే, "అమ్మ ఎలిసిన జాగ నీదెట్లయితది?" అని తిరగబడ్డారు. చివరికి లోపల కూర్చున్న అత్త కాళ్లే పట్టుకున్నారు. "అవ్వా, మా కొడుకు ఎప్పుడస్తడో చెప్పు!"

అత్త లేచి ఇంటికొచ్చి తలుపేసుకుంది. ఆ తర్వాత రెండేళ్లే బతికింది.

అత్త తలుపేసుకున్న రోజే, ఆ బొట్టు నాదేనని తాతయ్యకు చెప్పాను. దెబ్బలు పడతాయనుకున్నాను. ఆయన అరుగు మీద పక్కకు జరిగి నన్ను కూర్చోబెట్టుకున్నాడు. పొద్దు గూకే దాకా అలాగే కూర్చున్నాం. ఎందుకు పెట్టావని కూడా అడగలేదు.

మామ రానే లేదు. గూటికి సిమెంటు పూసి, గోదావరి వైపు వాకిలిని గోడతో మూసి, మైకు కట్టారు. ఇప్పుడు మా వాడకట్టులో ఒక పిల్ల ఉంది. భర్త దుబాయి నుంచి ఫోను చేయక ఏడాది దాటింది. అందరూ అడుగుతూనే ఉన్నారు, సిగ్గులేని జనం. ఎప్పుడైనా ఆ పిల్ల మా అరుగు దగ్గర ఆగుతుంది. వడ్రంగం నాకు రాలేదు. కాస్త పక్కకు జరుగుతాను.