అమ్మోరు పోసిందన్న పిల్ల

కరోనా తగ్గుముఖం పట్టాక వచ్చిన పసుపు సీజనులో నన్ను ఆర్మూర్ ప్రభుత్వ ఆస్పత్రికి పిల్లల వైద్యురాలిగా బదిలీ చేశారు. హోదా సివిల్ సర్జన్. పని మాత్రం పొద్దున ఓపీ చూడడం, మధ్యాహ్నం వార్డులో రౌండ్లు వేయడం. రిటైరయ్యే ముందు ఈ కొత్త ఊరేమిటని మా ఇంట్లో సణిగారు. నాకు మాత్రం చూడడానికి పిల్లలుంటే ఏ ఊరైనా ఒకటే.

అక్కడ నా దగ్గర క్రమం తప్పకుండా చూపించుకునే పిల్లల్లో దొంకేశ్వర్ నుంచి వచ్చే సహస్ర ఒకతె. అయిదేళ్లుంటాయి. దానికి నెఫ్రోటిక్ సిండ్రోమ్. అంటే మూత్రపిండాల వడపోత చెడి, ఒంట్లోని మాంసకృత్తులు మూత్రంలో కారిపోయి, ముఖమూ కాళ్లూ నీరు పట్టే జబ్బు. దీనికి స్టెరాయిడ్ గోలీలు నెలల తరబడి ఇచ్చి, మెల్లగా తగ్గిస్తూ వస్తాం. ఈ గోలీలతో రెండు చిక్కులున్నాయి. రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుంది గనుక, మిగతా పిల్లలకు వచ్చి పోయే ఆటలమ్మ ఈ పిల్లలకు ప్రాణం మీదికి తెస్తుంది. రెండోది, ఉన్నట్టుండి ఆపకూడదు. బయటి నుంచి మందు అందుతున్నన్నాళ్లూ ఒళ్లు తన సొంత స్టెరాయిడ్ చేసుకోవడం మానేస్తుంది. గోలీ ఒక్కసారిగా ఆగితే పిల్ల వాలిపోతుంది.

ఒకరోజు పొద్దున ఓపీకి సహస్ర తల్లి మమత ఒక్కతే వచ్చింది. పసుపు ఉడకబెట్టే పనిలోంచి లేచి వచ్చినట్టుంది, చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. పిల్లేదని అడిగితే తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

“పాపకు అమ్మోరు పోసింది మేడం. గోలీలు బంద్ పెట్టాలన్నది అత్తమ్మ. నాలుగైదు రోజులాయె. నిన్నటి సంది కక్కుతనే ఉన్నది, లేస్తలేదు. మార్కెట్ల పనున్నదని చెప్పి వచ్చిన.”

నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. అది నిజంగా ఆటలమ్మ అయితే పిల్లను విడిగా ఉంచి వైరస్ మందు మొదలుపెట్టి నిజామాబాద్ పంపాలి. కాకపోతే అనవసరంగా గోలీలు ఆగినట్టు. ఏదైనా సరే, ఆ వాంతులు, ఆ నీరసం గోలీలు ఆపడం వల్లేనని నాకు గట్టిగా అనిపించింది. అంబులెన్సు పంపుతానంటే మమత వద్దంది. అమ్మవారు పోసిన పిల్లను వాళ్లత్త గడప దాటనివ్వదట. దాంతో ఓపీని డ్యూటీ డాక్టరుకు అప్పగించి, సూపరింటెండెంటుకు చెప్పి, కావలసిన ఇంజెక్షన్లూ సెలైనూ పెట్టుకుని, ఒక స్టాఫ్ నర్సుతో నా కారులోనే బయల్దేరాను. మమతను వెనక కూర్చోబెట్టుకున్నాం. ఆమె దారి పొడవునా అత్తకు ఏం చెప్పాలా అనే ఆలోచించింది.

వాళ్ల గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. పక్క కళ్లంలో పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. మమత అత్త రాజవ్వ గడపకు అడ్డంగా నిలబడింది. కోడలిని ఒక్క చూపు చూసింది.

“సూదులు గీదులు వద్దు డాక్టరమ్మా. తల్లికి కోపమొస్తది,” అంది నాతో.

ఇలాంటి చోట వాదన పెట్టుకుంటే పొద్దు పోతుంది తప్ప పిల్ల దక్కదు. చెప్పులు విడిచి, బకెట్లో నీళ్లు తీసుకుని కాళ్లు కడుక్కున్నాను. “తల్లిని కాదనెతందుకు రాలేదవ్వా. పిల్లను చూస్త,” అన్నాను. రాజవ్వ పక్కకు జరిగింది.

పిల్లల వైద్యంలో మొదటి నియమం, ఒంటి మీద నూలుపోగు లేకుండా చూడడం. సహస్ర మగతగా ఉంది, బీపీ తక్కువగా ఉంది, జ్వరం మాత్రం లేదు. బుగ్గ మీద, మెడ మీద, వేళ్ల సందుల్లో నీటిపొక్కులు. అయితే ఆటలమ్మ తలలోనూ నోట్లోనూ కూడా పోస్తుంది. కొత్త పొక్కులూ ఎండిన చెక్కులూ ఒకేచోట కలిసి కనిపిస్తాయి. ఇక్కడ తల, నోరు శుభ్రంగా ఉన్నాయి, పొక్కులన్నీ ఒకే ఈడువి. గౌను పైకెత్తితే అసలు సంగతి బయటపడింది. నడుము చుట్టూ పొక్కులు పట్టీలా వరస కట్టాయి. మొలతాడుకు కొత్తగా ఒక నల్లజీడి గింజ వేలాడుతోంది. అది ఆనిన చోట చర్మం నల్లగా మాడి ఉంది.

నల్లజీడి అంటే చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే గింజే. దాని రసం చర్మానికి తగిలితే కాలినట్టు బొబ్బలెక్కుతుంది. గోకిన వేళ్లు ఎక్కడ ఆనితే అక్కడికి అంటుకుంటుంది. దిష్టికి ఆ గింజ కట్టడం ఈ వైపు అలవాటే. చాలామందికి ఏమీ కాదు.

రాజవ్వను దగ్గరికి పిలిచి నడుము చూపించాను. “అమ్మోరు గిట్ల మొలతాడు ఎంబడి పోస్తదా అవ్వా? ఎన్నడన్న చూసినవా?”

ఆమె వంగి చాలాసేపు చూసింది. ఎంతమంది పిల్లలకు పోయగా చూసిందో! “లేదు,” అంది. తర్వాత తనే చెప్పింది. “పిల్ల మస్తు బొద్దుగ అయిందని కళ్లంల కూలోళ్లందరు అనవట్టిరి. ఎండిన పిల్ల గట్ల నిండుగ అయితె దిష్టి తాకదా? గందుకే దబ్బునం కాల్చి గింజకు తూటు వొడిచి కట్టిన.”

ఆ తూటులోంచే రసం కారింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్ల బుగ్గలు నిండడం దిష్టి తగిలేంత ఆరోగ్యం కాదు, స్టెరాయిడ్ నెలల తరబడి వాడితే ముఖం అలాగే గుండ్రంగా అవుతుంది. మా గోలీ వల్ల బుగ్గలొస్తే, బుగ్గల వల్ల గింజ వచ్చింది, గింజ వల్ల పొక్కులొచ్చాయి, పొక్కుల వల్ల గోలీ ఆగింది.

మొలతాడు కత్తిరించి, ఒళ్లు సబ్బుతో కడిగించాను. అక్కడే నరంలోకి హైడ్రోకార్టిసోన్ ఇచ్చి సెలైన్ పెట్టాం. హైడ్రోకార్టిసోన్ అంటే ఒంట్లో లేకుండా పోయిన స్టెరాయిడ్‌ను వెంటనే అందించే ఇంజెక్షను. సూది గుచ్చుతుంటే రాజవ్వ అడ్డం రాలేదు. పిల్ల కాళ్లు తనే పట్టుకుంది. పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి కారు ఎక్కించేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని, “నేనే జేసిన్నా డాక్టరమ్మా?” అంది. చేసింది గింజ, కాపాడాలని కట్టింది నువ్వు అన్నాను. మాట వరసకు కాదు, నిజంగానే అలా అనుకున్నాను.

సాయంత్రానికి సహస్ర లేచి కూర్చుని బిస్కెట్ అడిగింది. వాంతులు ఆగాయి, బీపీ నిలబడింది, గోలీలు మళ్లీ మొదలుపెట్టాం. పొక్కులకు చీము పట్టకుండా కొన్నాళ్లు వార్డులో ఉంచి పంపాను. ఇంటికి వెళ్లే రోజు రాజవ్వ మొహమాటంగా, మరి దిష్టికి ఏం కట్టాలని అడిగింది. ఒట్టి నల్లదారం చాలన్నాను.

గోలీలు ఆపకూడదని మమతకు ముందే తెలుసు, నేనే చెప్పాను. కానీ ఆ ఇంట్లో మందు ఆపే అధికారం మమతది కాదు. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా, స్టెరాయిడ్ రాసిన ప్రతి పిల్ల ఇంట్లో ఎవరి మాట నడుస్తుందో అడిగి, ఆ మనిషి ఎదురుగా కూర్చున్నాకే చీటీ చేతికిచ్చాను. బుగ్గలు నిండుతాయి, అది మందు పని అని ముందే చెప్పేదాన్ని.

తర్వాతి నెల చూపించుకోవడానికి సహస్రను రాజవ్వే తీసుకొచ్చింది. ఓపీ వరసలో ఎవరో ఒకావిడ, పిల్ల ఎంత ముద్దుగా, బొద్దుగా ఉందోనని బుగ్గ గిల్లింది. రాజవ్వ పిల్లను కొంగు చాటుకు లాక్కోలేదు.

“గోలీలతోని వచ్చిన బుగ్గలమ్మా గవి,” అంది తాపీగా. “డాక్టరమ్మ బంద్ పెట్టమన్ననాడు అవే పోతయి.”